గడియకు కట్టిన దారం

ఓయార్స్‌కు అరవై మూడేళ్లు. అందులో ముప్పై ఒక్క ఏళ్లు కుర్రాళ్ల స్కేట్లకు సాన పట్టడంలోనే గడిచిపోయాయి. లాత్వియా పద్దెనిమిదేళ్లలోపు కుర్రాళ్ల ఐస్ హాకీ జట్టు ఏ దేశం వెళ్లినా, జట్టు కన్నా ముందు బస్సులోంచి దిగేవి ఆయన పెట్టెలు, ఆయన సానయంత్రం. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో పదకొండు మంది కోచ్‌లు వచ్చారు, పోయారు. ఓయార్స్ మాత్రం గోడకు కొట్టిన మేకులా ఉండిపోయాడు.

ఆయన ఎవరినీ నమ్మడు. వాతావరణ వార్తలు విని గొడుగు పట్టుకెళ్లేవాళ్లను చూసి నవ్వుతాడు, వినకుండా వెళ్లి తడిసినవాళ్లను చూసి కూడా నవ్వుతాడు. దుకాణంలో కొన్న రై రొట్టెను ఇంటికి తెచ్చి మళ్లీ కాటాలో పెట్టి చూసుకుంటాడు. ఈ గుణం ఇంట్లోవాళ్లకు నరకమే కానీ వృత్తికి మాత్రం బంగారం. "పదును బాగానే ఉంది తాతా" అని కుర్రాడు చెప్పగానే నమ్మేసేవాడు సాన పట్టడానికి పనికిరాడు. గోరుతో బ్లేడు అంచును గీరి చూసుకోవాలి. గోరు సన్నగా చెక్కుకుపోతే పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. ఓయార్స్ బొటనవేలి గోరు ఏడాది పొడుగునా అరిగే ఉంటుంది.

ఆ ఏడు ప్రపంచ పోటీలు సొంత ఊళ్లోనే, రీగాలోనే పడ్డాయి. ఏప్రిల్ నెల. ట్రాము దిగిన జనం మెడలో ఎర్ర కండువాలతో వచ్చేవారు. సొంత ఊళ్లో ఆడటమంటే ఎంత సంబరమో అంత భయం. మొదటి మూడు ఆటల్లో వెనకబడిన రెండు జట్లూ చివర్లో ఒకే ఒక్క ఆట ఆడాలి. అందులో ఓడినవాళ్లు కింది గ్రూపుకు పడిపోతారు. కింద పడ్డాక మళ్లీ పైకి ఎక్కడానికి ఒక ఏడాది పట్టొచ్చు, నాలుగేళ్లూ పట్టొచ్చు. ఈ కుర్రాళ్లకు మాత్రం "వచ్చే ఏడాది" అన్నది లేదు. వయసు దాటిపోతుంది. పెద్ద దేశాల క్లబ్బులవాళ్లు ఆటగాళ్లను ఎంచుకోవడానికి పుస్తకాలు పట్టుకుని వచ్చి కూర్చునేది పై గ్రూపు ఆటలకే.

పోటీల ముందురోజు పొద్దున ఓయార్స్ తన అలవాటు ప్రకారం అన్నీ చేశాడు. సానయంత్రాన్ని కిటికీకి ఎడమ వైపు పెట్టాడు. దానికి నల్లమిరియాల వాసన వచ్చే నూనె రెండు చుక్కలు వేశాడు. డ్రెస్సింగ్ రూము నుంచి మంచు మీదికి వెళ్లే గడప దగ్గర, కుడిపక్కన, రబ్బరు పట్టా అంచు ఎత్తి కింద ఒక పాత లాటు నాణెం పెట్టాడు. యూరోలు వచ్చి లాట్లు పోయి చాలా ఏళ్లయింది. దుకాణంలో చెల్లని ఆ నాణేలు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి, అదృష్టం కోసం. ఓయార్స్ దాచుకున్న దాని మీద పొగగొట్టాలు తుడిచేవాడి బొమ్మ ఉంది. వీధిలో అలాంటివాడు ఎదురైతే వాడి చొక్కా గుండీ ముట్టుకుంటే మంచి జరుగుతుందని మాకు చిన్నప్పటి నుంచీ చెప్తారు. ఓయార్స్ దేవుణ్ణి కూడా పూర్తిగా నమ్మడు కానీ ఈ నాణెం విషయంలో మాత్రం ఎవరితోనూ వాదించడు. పద్నాలుగేళ్లుగా ప్రతి పోటీకీ పెడుతున్నాడు, ఎవరికీ చెప్పకుండా.

ఇక ఆయనకు తోడుగా ఉన్న మోద్రిస్ సంగతి. నలభై ఏళ్లవాడు. ఎనిమిదేళ్లు నార్వేలో చేపల ఫ్యాక్టరీలో పని చేశాడు. సాయంత్రాలు అక్కడి క్లబ్బులో స్కేట్లకు సాన పట్టేవాడు. క్రిందటి శరదృతువులో తిరిగొచ్చి జట్టులో చేరాడు. మాట తక్కువ, చెయ్యి మంచిది. ఓయార్స్‌ను "మేస్త్రీ" అని పిలుస్తాడు. వాళ్లమ్మ తోటలో భూర్జ చెట్లకు గాటు పెట్టి తీసిన తియ్యటి నీళ్లు జాడీల్లో తెచ్చి కుర్రాళ్లకు పోస్తాడు. కుర్రాళ్లు వాడి చుట్టూ ఈగల్లా ముసురుతారు.

మార్చిలో ఒకరోజు, జట్టులో వెనక కాపలా కాసే గుస్తావ్స్ అనే కుర్రాడు ఓయార్స్ ఎదురుగా నిలబడి అనేశాడు.

"తాతా, ఏమనుకోకు. నా స్కేట్లు మోద్రిస్ చేత పట్టించుకుంటా. ఆయన చేతి పదును వేరుగా ఉంటుంది."

"వేరుగా అంటే?"

"అంటే... మంచు నన్ను పట్టుకున్నట్టుంటది."

ఓయార్స్ నవ్వి సరేనన్నాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. అసూయ పడ్డాడు, ఇందులో దాచేదేమీ లేదు. ముప్పై ఏళ్ల పనిని ఆర్నెల్లవాడు దాటేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కాకపోతే ఓయార్స్ దాన్ని అసూయ అని ఒప్పుకోలేదు, జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాడు.

మొదటి ఆట ఫిన్లండ్‌తో. రెండో భాగంలో గుస్తావ్స్ వెనక్కి తిరుగుతూ కుప్పకూలాడు. వాడికి బారెడు దూరంలో ఎవరూ లేరు. ఎవరూ తోయలేదు. కుడికాలు ఊరికే జారిపోయింది. ఫిన్లండ్ కుర్రాడు పక్‌ని, ఆ నల్లటి రబ్బరు బిళ్లని, తీసుకుని తీరిగ్గా గోలు కొట్టాడు. హాలంతా పెళ్లిలో దీపాలు ఆరిపోయినట్టు నోరు మూసుకుంది.

ఆట అయ్యాక ఓయార్స్ గుస్తావ్స్ కుడి స్కేటు తీసి గోరుతో గీరాడు. లోపలి అంచు మీద, ముందు కొసకు రెండు వేళ్ల వెనక, గోరు ఆగింది. నొక్కు. ఆవగింజంత. అంచు అక్కడ విరిగితే కాలికి మంచు దొరకదు. పొద్దున తన చేత్తో చూసినప్పుడు ఆ నొక్కు లేదు.

"రాయి తొక్కావా?" అని అడిగాడు.

"రాయి ఎక్కడిది తాతా? ఇక్కడి నుంచి అక్కడికి రబ్బరు పట్టాయేగా."

ఆ మాటా నిజమే. ఓయార్స్ వెళ్లి పట్టా అంతా అరచేత్తో తడిమి చూశాడు. ఈ ఏడే వేసిన కొత్త పట్టా, పలక పలకా పళ్లు పళ్లుగా అతికేది. ఎక్కడా ఏమీ తగల్లేదు. హాలు తుడిచే వెల్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. వెల్త బరువైన మనిషి, నోరు అంతకన్నా బరువు.

"ఏం వెతుకుతున్నావయ్యా, నీ పళ్లా?"

"మీ పట్టాలో ఏదో ఉంది."

"నా పట్టాలో ఏమీ లేదు. ఆ గడప దగ్గర మాత్రం నా బ్రష్షు తట్టుకుంటోంది, వెంట్రుకలు తెగిపోతున్నాయి."

"బ్రష్షుకి కూడా వయసైపోయుంటుంది" అన్నాడు ఓయార్స్. వెల్త ఆయన్నీ ఆయన ఇంట్లోవాళ్లందరినీ కలిపి ఏదో తిట్టింది. ఆయన వినిపించుకోలేదు.

రెండో ఆట స్లొవాకియాతో. గుస్తావ్స్ మళ్లీ పడ్డాడు. ముందు వరసలో ఆడే ఎమీల్స్ కూడా పడ్డాడు. ఇద్దరివీ కుడి స్కేట్లే, నొక్కు అదే చోట. ఇక రాయి కాదు, ఖర్మా కాదు. ఎవరో చేస్తున్నారు.

స్కేట్లు రాత్రిపూట ఉండేది చిన్న సామాన్ల గదిలో. దానికి రెండే తాళంచెవులు, ఒకటి తన దగ్గర, ఒకటి మోద్రిస్ దగ్గర. ఓయార్స్ స్కేటు లేసుల్లోంచి ఒక నల్లదారం పోగు తీసి, తలుపు గడియకూ చట్రానికీ మధ్య కట్టాడు. లేసు కొసలు విడిపోకుండా వేసే ముడి వేశాడు. ఆ ముడి ఆయన సొంతం, జట్టులో ఇంకొకరికి వస్తే అది ఆయన నేర్పిందే. రెండు రాత్రులు అలాగే కట్టాడు. పొద్దున వచ్చి చూస్తే దారం తెగలేదు, ముడి చెక్కుచెదరలేదు. ఇంకొకడైతే ఊపిరి పీల్చుకునేవాడు. ఓయార్స్ మాత్రం, అయితే పగలే చేస్తున్నాడన్నమాట అనుకున్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆటకు గంట ముందు స్కేట్లన్నీ ఎవరి చోట వాళ్లకు వరసగా పెడతారు. ఆ గంటలో కుర్రాళ్లు వరండాలో గుండ్రంగా నిలబడి ఫుట్‌బాల్‌ని కింద పడకుండా తన్నుకుంటూ ఒళ్లు వేడెక్కించుకుంటారు. గది ఖాళీగా ఉంటుంది. మూడో ఆటకు ముందు ఓయార్స్ స్నానాల గది తలుపు చాటున నిలబడ్డాడు. మోద్రిస్ ఒక్కడే లోపలికి వచ్చాడు. గుస్తావ్స్ కుడి స్కేటు తీసుకున్నాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు, బొటనవేలితో అంచు తడిమాడు, పెట్టేశాడు. తర్వాత ఎమీల్స్‌ది. మిగతావాళ్లవి ముట్టుకోలేదు.

ముట్టుకున్నవి ఎందుకు ముట్టుకున్నాడు? ముట్టుకోనివి ఎందుకు ముట్టుకోలేదు? రెండింట్లోనూ ఓయార్స్‌కు దొంగబుద్ధే కనిపించింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన కదా.

ఆ ఆట స్విట్జర్లాండ్‌తో. గుస్తావ్స్ రెండుసార్లు పడ్డాడు. కోచ్ తాలిస్ విరామంలో అందరి ముందూ అరిచాడు.

"నీ కాళ్లల్లో ఎముకలున్నాయా, జున్నుందా? చివరి ఆటలో నీ చోట ఇంకొకణ్ణి దింపుతా!"

గుస్తావ్స్ తల వంచుకుని లేసులు ముడి వేసుకుంటూ కూర్చున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

మూడు ఆటలూ పోయాయి. కిందికి పడేదెవరో తేల్చే ఆట నార్వేతో. అది తెలిసిన గంటకు ఓయార్స్ హాలు వెనకాల లారీ పక్కన మోద్రిస్‌ని చూశాడు. వాడి ఎదురుగా నార్వే జట్టు సాన పట్టేవాడు స్టేనార్, తలుపంత మనిషి. మోద్రిస్ జాకెట్లోంచి తువ్వాలులో చుట్టిన దాన్నేదో తీసి వాడి చేతిలో పెట్టాడు. స్టేనార్ వాడి భుజం చరిచాడు. ఇద్దరూ నార్వే భాషలో నవ్వుకున్నారు. అవును, ఓయార్స్ దృష్టిలో ఆ నవ్వు కూడా నార్వే భాషలోనే ఉంది.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు. మోద్రిస్ ఎనిమిదేళ్లు తిన్నది ఏ ఇంటి ఉప్పు? నార్వే ఉప్పు, అందులోనూ చేపల ఫ్యాక్టరీ ఉప్పు. ఓయార్స్‌కు లెక్క కుదిరిపోయింది.

మర్నాడు ఆట లేదు. పొద్దున్నే కోచ్ గదికి వెళ్లాడు. తాలిస్ పదిహేడేళ్లప్పుడు ఇదే జట్టులో ఆడాడు, అప్పుడు వాడి లేసులు బిగించింది ఓయార్సే. అందుకే నలుగురిలో కోచ్ అన్నా, గదిలో మాత్రం ఏరా అంటాడు.

"తాలిస్, మోద్రిస్‌ని పంపించెయ్."

"ఎక్కడికి మామా?"

"ఇంటికి. పిల్లల బ్లేడ్లు పాడుచేస్తోంది వాడే."

తాలిస్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "కళ్లారా చూశావా?"

"బ్లేడు మీద చెయ్యి వెయ్యడం చూశా. నార్వే వాడికి తువ్వాల్లో చుట్టి ఏదో ఇవ్వడం చూశా. ఇంకేం చూడాలిరా?"

"వాణ్ణి అడిగావా?"

"దొంగని అడిగితే అవును నేనే అంటాడా?"

"మామా, రేపే ఆట. ఇప్పుడు నువ్వా వాడా అంటే..."

"నువ్వా వాడా అనే అంటున్నా."

మోద్రిస్‌ని పిలిపించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నిన్న స్టేనార్‌కి ఏమిచ్చావని తాలిస్ సూటిగా అడిగాడు. మోద్రిస్ కోచ్ వైపు చూడలేదు, ఓయార్స్ వైపు చూశాడు.

"అది మీకు చెప్పేది కాదు కోచ్. పనివాళ్ల మధ్య సంగతి. మేస్త్రీకి తెలుసు."

"నాకేం తెలుసు?" అన్నాడు ఓయార్స్.

ఎవరైనా చెంప మీద కొడితే ఆ క్షణంలో మొహం ఎలా ఉంటుందో అలా ఉంది మోద్రిస్ మొహం. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కమాట నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి మేస్త్రీ. అంతే."

వాడు వెళ్లిపోయాడు. సానయంత్రం పక్కన సగం జాడీ భూర్జ చెట్టు నీళ్లు మిగిలిపోయాయి. ఓయార్స్ వాటిని వాసన చూసి సింకులో పారబోశాడు.

ఆ రోజంతా ఆయనే ఇరవై రెండు జతలకు సాన పట్టాడు. నడుం విరిగింది కానీ మనసు తేలిగ్గా ఉంది. ఆట రోజు పొద్దున ప్రతి అంచూ గోరుతో గీరి చూశాడు. ఉదయం అభ్యాసానికి ముందు కుర్రాళ్లు వరండాలో బంతి తన్నుకుంటుంటే, ఆయన గది మధ్యలో కుర్చీ వేసుకుని స్కేట్లకు కాపలా కూర్చున్నాడు. ఈగ కూడా లోపలికి రాలేదు. కుర్రాళ్లొచ్చి స్కేట్లు కట్టుకుని మంచు మీదికి వెళ్లారు.

పావుగంటకు గుస్తావ్స్ పడ్డాడు.

ఓయార్స్ వాడి కుడి స్కేటు విప్పించి గోరు పెట్టాడు. లోపలి అంచు. ముందు కొసకు రెండు వేళ్ల వెనక. గోరు ఆగింది.

మోద్రిస్ లేడు. రెండు తాళంచెవులూ తన జేబులోనే ఉన్నాయి. కాసేపు వెల్తను అనుమానించాడు, ఆ బ్రష్షుతో ఏదైనా చేస్తోందేమోనని. అది మరీ సిగ్గుమాలిన ఆలోచన అని ఆయనకే తోచింది. అలా కూర్చుని ఉండగా తలుపు తట్టిన చప్పుడైంది. స్టేనార్. చేతిలో ఆ తువ్వాలు. వాడు ఇంగ్లీషు ముక్కలూ చేతి సైగలూ కలిపి మాట్లాడాడు.

"మోద్రిస్ లేడా? ఇది ఇవ్వాలి. చాలా థాంక్స్."

తువ్వాలు విప్పితే అందులో వజ్రపు ముల్లు. అరిగిన సానరాయిని మళ్లీ గుండ్రంగా చెక్కుకునే పనిముట్టు. పిడి మీద ఓయార్స్ పేరులోని మొదటి అక్షరం గీసి ఉంది. ఆయన పెట్టెలో రెండోదిగా ఉంచుకున్నదే.

"నాది విరిగింది" అన్నాడు స్టేనార్. "అది లేకపోతే మా పిల్లలు మొండి బ్లేడ్లతో ఆడాలి. మోద్రిస్ ఇచ్చాడు. ఎల్లుండి మాకూ మీకే ఆట కదా, మీ మేస్త్రీ తిడతాడేమో అన్నా. నవ్వాడు. ఇది నేర్పిందే మా మేస్త్రీ అన్నాడు. పనివాడు పనిముట్టు అడిగితే లేదనకూడదు, కోచ్‌ల చెవిన వెయ్యకూడదు అని." వాడు పెద్ద చెయ్యి చాపాడు. "మంచి మేస్త్రీ మీరు."

ఓయార్స్ ఆ చెయ్యి అందుకున్నాడు. అందుకోకుండా ఏం చేస్తాడు? ఆ మాట నిజంగా ఆయన నేర్పిందే. శరదృతువులో, మొదటి వారంలోనే. ఇరవై ఏళ్ల క్రితం పరాయి ఊళ్లో తన యంత్రం కాలిపోతే, తెల్లారి తమతో ఆడబోయే చెక్ జట్టు ముసలాయన తన యంత్రం ముందు ఈయన్ని కూర్చోబెట్టాడు. ఆ కథ మోద్రిస్‌కి చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు కూడా. మేస్త్రీకి తెలుసు అని వాడు అన్నది దాని గురించి. కోచ్ ముందు నోరు విప్పకపోవడం వాడు తన మాట మీద నిలబడటం. ఆ రెండు స్కేట్లే ఎత్తి చూసింది, పడ్డది ఆ ఇద్దరే కాబట్టి.

స్టేనార్ వెళ్లాక ఓయార్స్ వజ్రపు ముల్లును పెట్టెలో దాని చోట పెట్టి కూర్చున్నాడు. సిగ్గు అనేది ఒంట్లో ఎక్కడుంటుందో ఆయనకు ఆ వయసులో తెలిసింది. కానీ నొక్కు ఎక్కడిదో ఇంకా తెలియలేదు. ఈసారి మనుషుల్ని వదిలేసి బ్లేడ్ల గురించి ఆలోచించాడు. అన్నీ కుడివే. అన్నీ లోపలి అంచే. గుస్తావ్స్‌ని పిలిచాడు.

"ఒరే, మంచు మీదికి వెళ్లేటప్పుడు ఏ కాలు ముందు పెడతావు?"

"కుడికాలు తాతా. మా అమ్మమ్మ చెప్పింది. ఎడమకాలితో గడప దాటితే ఓడిపోతామట."

"ఎమీల్స్?"

"వాడూ కుడికాలే. నన్ను చూసి మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఏది పడితే అది."

ఓయార్స్ మెల్లగా లేచి గడప దగ్గరికి నడిచాడు. వెల్త అక్కడే బ్రష్షుతో కుస్తీ పడుతోంది.

"చూడవయ్యా, మళ్లీ తట్టుకుంది! నేను ఇక్కడ నిలబడితేనే తట్టుకుంటది, దిగితే ఏమీ ఉండదు. నా ఒళ్లు చూసి నవ్వకు."

ఓయార్స్ నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెల్త నిలబడ్డ పలక ఆమె బరువుకు ఒక పక్కకు వాలింది. పలకకూ పలకకూ మధ్య అతుకులోంచి సన్నటి తెల్లటి లోహపు అంచు ఒకటి గోరంత పైకి వచ్చింది. ఆమె పక్కకు జరిగితే లోపలికి దిగిపోయింది. పాత పట్టా ఒకే ముక్క, మందంగా ఉండేది, దాని కింద ఏం పెట్టినా కదిలేది కాదు. ఈ కొత్త పలకల సంగతి ఆయన ఆలోచించనే లేదు.

పలక ఎత్తి దాన్ని తీశాడు. పొగగొట్టాలు తుడిచేవాడు నిచ్చెన భుజాన వేసుకుని నడుస్తూనే ఉన్నాడు. నాణెం అంచు చుట్టూ బ్లేడ్లు కోసిన గాట్లు.

"ఏమిటది?" అంది వెల్త.

"నాదే" అన్నాడు ఓయార్స్.

ఆటకు ఇంకా రెండున్నర గంటలుంది. నాణెం ఆయన గుప్పిట్లో ఉంది. వెల్తకు అర్థం కాలేదు, ఇంకెవరూ చూడలేదు. జేబులో వేసుకుంటే చాలు. ఈ మధ్యాహ్నం ఎవరూ పడరు. పొద్దున గుస్తావ్స్ పడింది పాత భయం వల్ల అంటే నమ్ముతారు. చూశారా, మోద్రిస్ పోయాడు, పీడ పోయింది అంటారు. ఓయార్స్ ముసలాడు కానీ కన్ను చూడండి అని మెచ్చుకుంటారు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆయనకు తన మీద అసహ్యం వేసింది, అయినా ఆలోచన మాత్రం వెంటనే పోలేదు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు.

తర్వాత డ్రెస్సింగ్ రూములోకి వెళ్లాడు. కుర్రాళ్లు బూడిదరంగు బఠాణీలూ వేయించిన పందిమాంసమూ తింటున్నారు. తాలిస్ బోర్డు మీద గీతలు గీస్తున్నాడు. ఓయార్స్ బల్ల మీద నాణెం పెట్టాడు. చప్పుడుకి అందరూ తలెత్తారు.

"మీ బ్లేడ్లు పాడుచేసింది ఇది. గడప కింద పెట్టింది నేను. అదృష్టం కోసం. మోద్రిస్ ఏ పాపమూ ఎరగడు. వాడి మీద నేను చెప్పింది అబద్ధం."

తాలిస్ చేతిలోని సుద్ద బోర్డు మీదే ఆగిపోయింది.

"అంటే... మామా, నువ్వా?"

"నేనే."

ముందుగా మాట్లాడింది గుస్తావ్స్. వాడి గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. "అంటే తాతా, నా కాళ్లు బాగానే ఉన్నాయా?"

ఓయార్స్‌కు ఏడుపు వచ్చేసింది. తలూపాడు.

తాలిస్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మోద్రిస్‌కు ఫోన్ చెయ్యమన్నాడు. "నా ఫోన్ ఎత్తడు, నువ్వే చెయ్" అన్నాడు ఓయార్స్. తాలిస్ చేశాడు. రెండో మోతకే మోద్రిస్ ఎత్తాడు. వాడు హాలు బయటే, టికెట్ కొనుక్కుని వరసలో నిలబడి ఉన్నాడు.

మెడలో ఎర్ర కండువా, చేతిలో చింపని టికెట్‌తో లోపలికి వచ్చాడు. అప్పటికి కుర్రాళ్లు వరండాలో బంతి తన్నుకుంటున్నారు. సానయంత్రం దగ్గర ఇద్దరే ఉన్నారు. వాడి తాళంచెవి వాడికి ఇచ్చేస్తూ ఓయార్స్ జరిగిందంతా చెప్పాడు. నాణెం, స్టేనార్, చెక్ ముసలాయన, అన్నీ. చివరికి "క్షమించరా" అన్నాడు. అప్పటిదాకా ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు ఎవరూ లేరు.

"గుస్తావ్స్‌వి ఇటివ్వండి ముందు" అన్నాడు మోద్రిస్.

యంత్రం తిరిగింది, నిప్పురవ్వలు లేచాయి. మోద్రిస్ చేతి కింద బ్లేడు ఒకే ఊపిరిలో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. ఓయార్స్ చూస్తూ నిలబడ్డాడు. నిజంగానే వాడి చెయ్యి మంచిది.

"గదికి దారం కూడా కట్టానురా. నీ కోసం" అన్నాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

"తెలుసు. మొదటి పొద్దునే చూశా." మోద్రిస్ బ్లేడు మీంచి కళ్లెత్తలేదు. "స్కేట్లు ఆరాయో లేదో చూడ్డానికి మీకన్నా ముందే వచ్చేవాణ్ణి. విప్పి లోపలికెళ్లి, బయటికొచ్చాక మళ్లీ అదే ముడి వేసేవాణ్ణి. తెగిందని చూస్తే మీ మనసు కష్టపడుతుందని."

ఓయార్స్ ఎమీల్స్ స్కేట్లు తీసి వాడి చేతికి అందించాడు.

ఆట నాలుగింటికి మొదలైంది. రెండు ఒకటితో గెలిచాం. గుస్తావ్స్ అరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా పడలేదు. చివరి నిమిషంలో నార్వే కుర్రాళ్లు ఆరుగురు మీద పడితే పక్‌కి అడ్డంగా కాలు పెట్టి ఆపింది వాడే. నార్వే కిందికి పోయింది. స్టేనార్ తన పెట్టెలు సర్దుకుంటూ మోద్రిస్‌ని వాటేసుకున్నాడు. ఐదువేల మంది లేచి పాడుతుంటే, నేలంతా అదిరింది. డ్రెస్సింగ్ రూములో కుర్రాళ్లు బల్లలెక్కి గంతులేశారు. నాణెం ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఓయార్స్ గుస్తావ్స్ స్కేట్లు తీసుకుని సామాన్ల గది వైపు నడిచాడు. కుర్రాడి చెమటకు తోలు ఇంకా వెచ్చగా ఉంది. గోరుతో అంచు గీరి చూశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కడా ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఆయన మనసు కుదుటపడింది. ఈల వేయబోయాడు కూడా.

గది ముందు ఆగిపోయాడు. తలుపు వేసి ఉంది. గడియకూ చట్రానికీ మధ్య ఒక నల్లదారం కట్టి ఉంది. కొత్త దారం. వంగి చూశాడు. ముడి తన ముడే, మోద్రిస్‌కు తను నేర్పినంత చక్కగా వేసి ఉంది.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తియ్యలేదు. స్కేట్లు ఒళ్లో పెట్టుకుని గోడ పక్కనున్న చెక్కబల్ల మీద కూర్చున్నాడు. డ్రెస్సింగ్ రూములోంచి కుర్రాళ్ల పాట వినిపిస్తోంది. మోద్రిస్ వచ్చి తలుపు తీసేదాకా అక్కడే కూర్చున్నాడు.